అరవై ఐదు రాకముందే రిటైరైతే ఇన్సూరెన్స్ మాటేమిటి?

అమెరికాలో జనవరి చివర్లో కంపెనీ పంపే డబ్ల్యూ-2 ఫారంలో మనం చూసేవి రెండే గళ్ళు. జీతం ఎంత, ట్యాక్స్ ఎంత పట్టుకున్నారు. ఈసారి 12వ గడి కూడా చూడండి. పెద్ద కంపెనీ అయితే అక్కడ డీడీ అనే అక్షరాల పక్కన ఒక అంకె ఉంటుంది. దానిమీద ట్యాక్స్ పడదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆ ఏడాది మీ కుటుంబం హెల్త్ ఇన్సూరెన్స్‌కి మీరూ కంపెనీ కలిసి కట్టిన మొత్తం అది. నెలకు ఐదారు వందలు పోతున్నాయిలే అనుకున్నవాళ్ళకి అక్కడ పాతిక వేలు పైచిలుకు కనిపిస్తే కళ్ళు తిరుగుతాయి. ఆరోగ్య విషయాల మీద పరిశోధన చేసే కేఎఫ్‌ఎఫ్ సంస్థ సర్వే ప్రకారం 2025లో కంపెనీ ఫ్యామిలీ ప్లాన్ సగటు ఖర్చు 26,993 డాలర్లు. అందులో ఉద్యోగి వాటా 6,850. మిగతా ఇరవై వేలు కంపెనీ చడీచప్పుడు లేకుండా కడుతూ వచ్చింది.

వై2కే రోజుల్లో వచ్చినవాళ్ళు ఇప్పుడు యాభైల్లో ఉన్నారు. ఇంటి లోన్ తీరిపోయింది, పిల్లల చదువులు అయిపోయాయి, కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా 401కెలో కాస్త పోగైంది. వీకెండ్ పార్టీల్లో "ఇంక చాలు, మానేద్దామనుకుంటున్నా" అని ఒకరంటే, పక్కాయన వెంటనే అడిగేది ఒకటే: "మరి ఇన్సూరెన్స్ ఎలా అన్నయ్యా?" ఆ ప్రశ్నతో సగంమంది ఆగిపోతారు. పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్, మెడికేర్, 65 ఏళ్ళకి గానీ రాదు. యాభై ఐదుకి మానేస్తే పదేళ్ళ ఖాళీ. ఇద్దరికీ కలిపి ఏడాదికి పాతిక వేల లెక్కన వేసుకుంటే రెండున్నర లక్షల డాలర్లు. "ఇంకో నాలుగేళ్ళు చేద్దాంలే" అనేస్తారు.

ఆ లెక్క అందరికీ అలాగే ఉండదు. అమెరికాలో సొంతంగా కొనుక్కునే ఇన్సూరెన్స్‌కి మీరు నిజంగా కట్టే ధర మీ ఆస్తినిబట్టి ఉండదు, మీ ఆరోగ్యాన్నిబట్టి ఉండదు. ట్యాక్స్ రిటర్న్‌లో ఆ ఏడాది ఎంత ఆదాయం చూపిస్తారో దాన్నిబట్టి ఉంటుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆ అంకె మన చేతిలో ఉండదు. మానేశాక చాలావరకు మన చేతిలోకి వస్తుంది. అసలు కిటుకంతా అక్కడే ఉంది. 2026 నుంచి ప్రమాదం కూడా అక్కడే ఉంది.

ముందు కోబ్రా సంగతి. పేరు చూసి భయపడక్కర్లేదు, బిల్లు చూసి భయపడొచ్చు. 1985 చట్టం ఇది. ఇరవైమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే కంపెనీలో ఉద్యోగం మానేస్తే అదే ప్లాన్‌ని, అదే కార్డుతో, అదే డాక్టర్లతో మామూలుగా 18 నెలలు కొనసాగించుకోవచ్చు. కాకపోతే కంపెనీ వాటా కూడా మనమే కట్టాలి, పైన 2 శాతం నిర్వహణ ఖర్చు. డీడీ పక్కనున్న అంకెని 12తో భాగించి 1.02తో గుణిస్తే మీ కోబ్రా బిల్లు ఇంచుమించుగా తెలిసిపోతుంది. 27 వేలు ఉంటే నెలకు దాదాపు 2,300.

అంత కట్టి ఎవరు తీసుకుంటారంటే, కొన్ని సందర్భాల్లో అదే మేలు. సెప్టెంబర్‌లో మానేశారనుకోండి. అప్పటికే తొమ్మిది నెలల జీతం వచ్చేసింది కాబట్టి సొంతంగా కొనుక్కునే ఇన్సూరెన్స్‌కి ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ ఆ ఏడాదికి రాకపోవచ్చు. పాత ప్లాన్‌లో డిడక్టబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేలోపు మన జేబునుంచి పెట్టాల్సిన ఖర్చు, ఎటూ కట్టేసి ఉంటారు. కొత్త ప్లాన్‌కి వెళ్తే అది మళ్ళీ సున్నా నుంచి మొదలు. డిసెంబర్ దాకా కోబ్రాలో ఉండి, జనవరి 1కి మారిపోవడం ఇలాంటి వాళ్ళకి సరిపోతుంది.

కోబ్రాలో ఇంకో వెసులుబాటు ఉంది. తీసుకుంటామో లేదో చెప్పడానికి 60 రోజులు, చెప్పాక మొదటి డబ్బు కట్టడానికి ఇంకో 45 రోజులు గడువు. ఎప్పుడు కట్టినా కవరేజ్ పాతది పోయిన రోజు నుంచే వర్తిస్తుంది, ఆ నెలలన్నిటికీ ప్రీమియం కట్టాలంతే. అందుకని ఒకటి రెండు నెలల ఖాళీ ఉన్నవాళ్ళు ఊరుకుంటారు. ఏమీ కాకపోతే డబ్బు మిగిలింది, ఏదైనా అయితే వెనక్కి లెక్కగట్టి కడతారు. అయితే మార్కెట్‌ప్లేస్‌లో, అంటే సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ వేదికలో, చేరడానికి ఇచ్చే ప్రత్యేక గడువు కూడా కవరేజ్ పోయాక 60 రోజులే. అది దాటాక "కోబ్రా ఖరీదుగా ఉంది, వదిలేస్తా" అంటే మధ్యలో మార్కెట్‌ప్లేస్ తలుపు తీయదు. 18 నెలలు పూర్తవ్వాలి, లేదా నవంబర్‌లో మొదలయ్యే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాలి.

మార్కెట్‌ప్లేస్ ధర ఎలా వస్తుంది

2014కి ముందు ఈ వ్యాసానికి పెద్దగా అర్థం ఉండేది కాదు. షుగరో బీపీయో ఉన్న యాభై ఐదేళ్ళ మనిషి సొంతంగా పాలసీ అడిగితే చాలా రాష్ట్రాల్లో కంపెనీలు కుదరదు పొమ్మనేవి. 2010లో వచ్చిన ఏసీఏ, అంటే ఒబామాకేర్, 2014 నుంచి ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది. ఇప్పుడు ప్రీమియం వయసు, ఉండే ప్రాంతం, పొగాకు అలవాటు, ప్లాన్ స్థాయి (బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ లాంటివి), ఇవి మాత్రమే చూసి వేస్తారు. షుగర్ ఉందా అని అడగనే అడగరు. వయసు తేడాకి కూడా హద్దు పెట్టారు: 64 ఏళ్ళవాళ్ళ దగ్గర 21 ఏళ్ళవాళ్ళకన్నా మూడు రెట్లకు మించి తీసుకోకూడదు. మూడు రెట్లన్నా తక్కువేం కాదు. సబ్సిడీ లేకుండా చూస్తే అరవైల్లో ఉన్న జంటకి నెలకు రెండు వేలు దాటడం మామూలే.

సబ్సిడీ ఎలా లెక్కేస్తారంటే, మీ ప్రాంతంలో సిల్వర్ ప్లాన్లన్నీ ధరల వరసలో పెట్టి కిందనుంచి రెండోదాన్ని ప్రమాణంగా తీసుకుంటారు. మీ ఆదాయంలో ఇంత శాతం మీరు భరించండి, ఆ ప్రమాణం ధరలో మిగిలింది మేం ఇస్తాం అంటుంది ప్రభుత్వం. ఆ డబ్బుతో మీరు బ్రాంజ్ తీసుకున్నా గోల్డ్ తీసుకున్నా మీ ఇష్టం. మీరు భరించే శాతం వయసుతో మారదు. ప్రమాణం ధర మాత్రం వయసుతో పెరుగుతుంది. అందుకే ఇరవై ఐదేళ్ళ కుర్రాడికి వచ్చే సబ్సిడీ ఏ కాస్తో ఉంటే, అరవై ఏళ్ళ జంటకి వచ్చేది ఏడాదికి పదిహేను, ఇరవై వేలు కూడా ఉంటుంది. పోతే పోయేదీ అంతే.

ఎలా పోతుందో చూద్దాం. అసలు చట్టంలో పేదరిక రేఖకి నాలుగు రెట్లు దాటిన ఆదాయానికి సబ్సిడీ లేదు. కోవిడ్ సమయంలో 2021లో ఆ గీత చెరిపేశారు, 2022లో మరో చట్టంతో దాన్ని 2025 దాకా పొడిగించారు. 2025 డిసెంబర్ 31తో ఆ గడువు అయిపోయింది. దాన్ని పొడిగించాలన్న గొడవ మీదే 2025 అక్టోబర్‌లో ప్రభుత్వం మూతపడింది కూడా. 2026 ప్లాన్లకి పాత గీత మళ్ళీ వచ్చింది. ఒక్కరైతే 62,600 డాలర్లు, ఇద్దరున్న ఇంటికి 84,600.

ఇద్దరూ అరవై ఏళ్ళవాళ్ళయిన ఒక జంటని తీసుకుందాం. వాళ్ళ ప్రాంతంలో ప్రమాణం సిల్వర్ ప్లాన్ ఇద్దరికీ కలిపి నెలకు 2,200, అంటే ఏడాదికి 26,400 అనుకుందాం. ఆదాయం 84,000 చూపిస్తే వాళ్ళు భరించాల్సింది 9.96 శాతం, అంటే 8,366. మిగతా 18 వేలు సబ్సిడీ. నెలకు దాదాపు 700 పడుతుంది. అదే జంట ఆదాయం 85,000 అయితే? సబ్సిడీ సున్నా. నెలకు 2,200. ఆదాయం వెయ్యి డాలర్లు పెరిగింది, ఖర్చు పద్దెనిమిది వేలు పెరిగింది. ఇదే జంట 40,000 చూపిస్తే భరించేది ఆరు శాతం చిల్లర, నెలకు రెండొందలు. పైగా ఆదాయం పేదరిక రేఖకి రెండు రెట్ల లోపు, ఇద్దరికైతే 42,300 లోపు, ఉండి సిల్వర్ ప్లాన్ తీసుకుంటే డిడక్టబుల్ కూడా బాగా తగ్గిస్తారు. ఆ తగ్గింపు బ్రాంజ్‌కీ గోల్డ్‌కీ ఉండదు. ఆదాయం ఈ హద్దులోపు ఉన్నవాళ్ళు చౌక అని బ్రాంజ్ తీసుకుంటే నష్టపోతారు.

ముందు మనం అంచనా చెప్తాం, దాన్నిబట్టి నెలనెలా సబ్సిడీ నేరుగా ఇన్సూరెన్స్ కంపెనీకి పోతుంది. ఏడాది తిరిగాక ఎంత సబ్సిడీ వచ్చిందో చెప్పే 1095-ఏ ఫారం వస్తుంది, ట్యాక్స్ రిటర్న్‌తో వేసే 8962 ఫారంలో అసలు ఆదాయంతో సరిచూస్తారు. ఇదివరకు ఆదాయం గీత లోపల ఉన్నవాళ్ళకి తిరిగి కట్టాల్సినదాని మీద పరిమితి ఉండేది. 2025 జూలై 4న సంతకమైన చట్టం 2026 ట్యాక్స్ ఏడాది నుంచి ఆ పరిమితిని ఎత్తేసింది. అంచనా తప్పితే ఎంత ఎక్కువ అందుకుంటే అంతా వెనక్కి కట్టాల్సిందే.

ఆదాయం అంటే ఏది

వీళ్ళు చూసే ఆదాయం పేరు ఎంఏజీఐ, అంటే మాడిఫైడ్ అడ్జస్టెడ్ గ్రాస్ ఇన్‌కమ్. ఇక్కడందరూ మ్యాగీ అనే అంటారు, నూడుల్స్‌లాగే. రెండు నిమిషాల్లో మాత్రం తేలదు. చాలామంది చేసే మొదటి తప్పు, స్టాండర్డ్ డిడక్షన్ తీసేశాక మిగిలేదే ఆదాయం అనుకోవడం. కాదు, మ్యాగీ దానికి ముందు అంకె. రెండో తప్పు, లాంగ్ టర్మ్ లాభాల మీద సున్నా శాతం ట్యాక్స్ పడితే అవి లెక్కలోకి రావనుకోవడం. ట్యాక్స్ సున్నా అయినా ఆ లాభాలు మ్యాగీలోకి వస్తాయి. మున్సిపల్ బాండ్ల మీద ట్యాక్స్ లేని వడ్డీ కూడా కలుపుతారు.

ఇక లెక్కలోకి రానివి చూడండి. బ్యాంకులో ఉన్న సేవింగ్స్ తీసుకుని ఖర్చుపెడితే ఆదాయం కాదు. షేర్లు అమ్మితే లాభం మాత్రమే ఆదాయం: 35 వేలు పెట్టి కొన్నవి 60 వేలకి అమ్మితే చేతికి 60 వేలు వచ్చినా మ్యాగీలో చేరేది 25 వేలే. ట్యాక్స్ కట్టేసిన డబ్బు దాచుకునే రిటైర్మెంట్ ఖాతా రాత్ ఐఆర్‌ఏలో మనం నేరుగా వేసిన అసలు ఎప్పుడు తీసినా చేరదు. మామూలు 401కె నుంచి తీసింది మాత్రం పూర్తిగా చేరుతుంది. యాభై ఐదు నిండే ఏడాదిలో లేదా ఆ తర్వాత ఉద్యోగం మానేస్తే ఆ కంపెనీ 401కె నుంచి పది శాతం పెనాల్టీ లేకుండా తీసుకోవచ్చని చాలామందికి తెలుసు. పెనాల్టీ లేకపోవడం వేరు, ఆదాయం కాకపోవడం వేరు. అందుకే పదేళ్ళ ఖాళీకి 401కె ఒక్కటే నమ్ముకున్నవాళ్ళకన్నా, బయట మామూలు ఖాతాలో కొంత, రాత్‌లో కొంత, బ్యాంకులో కొంత పెట్టుకున్నవాళ్ళు తక్కువ ప్రీమియంతో బయటపడతారు. మొత్తం ఆస్తి ఇద్దరిదీ ఒకటే కావచ్చు.

ఇది న్యాయమా అంటే నాకూ సమాధానం లేదు. ఇరవై లక్షల డాలర్లున్న రిటైరీ నలభై వేలు చూపించి నెలకు రెండొందలు కడతాడు. చిన్న కొట్టు నడుపుకుంటూ 86 వేలు సంపాదించే అరవయ్యేళ్ళ జంట పూర్తి ధర కడుతుంది. చట్టం ఎంత ఉందని అడగదు, ఎంత వచ్చిందనే అడుగుతుంది.

మనవాళ్ళ విషయంలో ఇంకో చిక్కుంది, దీన్ని అమెరికన్ ఫైనాన్స్ సలహాల్లో ఎవరూ రాయరు. సిటిజన్లకీ గ్రీన్‌కార్డువాళ్ళకీ ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఇక్కడ ఆదాయమే. ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ వడ్డీకి ఇండియాలో ట్యాక్స్ లేదు, ఇక్కడ ఉంది. యాభై లక్షల డిపాజిట్ మీద ఏడు శాతం అనుకుంటే ఏడాదికి మూడున్నర లక్షల రూపాయలు, దాదాపు నాలుగు వేల డాలర్లు మ్యాగీలో చేరినట్టే. హైదరాబాద్ ఫ్లాట్ అద్దె చేరుతుంది. పొలం కౌలు ఇండియాలో వ్యవసాయ ఆదాయంగా మినహాయింపు పొందొచ్చు గానీ ఇక్కడ పొందదు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ ప్లాట్ అమ్మకం. ఎప్పుడో 2005లో కొన్న స్థలం, రిటైరయ్యాక మంచి ధర వచ్చిందని తమ్ముడికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి అమ్మిస్తారు. లాభమంతా ఆ ఏడాది మ్యాగీలో పడుతుంది. ఇండియా చట్టం ప్రకారం ఇంకో ఇల్లు కొని అక్కడ ట్యాక్స్ తప్పించుకున్నా అమెరికా ట్యాక్స్ శాఖ ఐఆర్‌ఎస్‌కి దాంతో సంబంధం లేదు. అక్కడ ట్యాక్స్ కట్టినందుకు ఇక్కడ ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్ వస్తుంది. అది తగ్గించేది ట్యాక్స్‌ని, ఆదాయాన్ని కాదు. డబుల్ ట్యాక్స్ లేదులే అని నిశ్చింతగా ఉంటే, 8962 దగ్గర ఏడాది సబ్సిడీ మొత్తం వెనక్కి కట్టమంటుంది. రిజిస్ట్రేషన్ డిసెంబర్‌లోనా జనవరిలోనా అన్నది ముహూర్తం ఒక్కటే చూసి తేల్చే విషయం కాదు. నాన్నగారు బహుమతిగా పంపిన డబ్బు మాత్రం ఆదాయం కాదు. ఏడాదిలో లక్ష డాలర్లు దాటితే 3520 ఫారంలో చెప్పాలంతే.

ఎటూ గీత దాటే ఏడాది వచ్చిందంటే దాన్ని వాడుకునే పద్ధతి కూడా ఉంది. నిండా మునిగాక చలేమిటి? వెయ్యి డాలర్లు దాటినా లక్ష దాటినా పోయే సబ్సిడీ ఒకటే. కాబట్టి ప్లాట్ అమ్మిన ఏడాదే 401కె నుంచి రాత్‌కి మార్చుకోవలసింది కొంత మార్చేసి, లాభాల్లో ఉన్న షేర్లు కొన్ని అమ్మేసి, ఆ నగదుతో తర్వాతి రెండు మూడేళ్ళు తక్కువ ఆదాయం చూపిస్తారు కొందరు. ఆ ఏడాది ట్యాక్స్ ఏ మెట్టుకి పోతుందో ముందే చూసుకోవాలి. మానేసే నెల ఎంచుకునేటప్పుడూ ఇదే చూపు కావాలి. డిసెంబర్ 31న మానేసినా, మిగిలిన సెలవుల డబ్బు జనవరిలో, బోనస్ మార్చిలో చేతికొస్తే అవి కొత్త ఏడాది ఆదాయమే.

గీతకి దగ్గరగా ఉన్నవాళ్ళకి చివరి ఆసరా హెచ్‌ఎస్‌ఏ, అంటే వైద్య ఖర్చులకని దాచుకునే ఖాతా. 2026 నుంచి మార్కెట్‌ప్లేస్ బ్రాంజ్ ప్లాన్లన్నిటితోనూ హెచ్‌ఎస్‌ఏ పెట్టుకోవచ్చు. అందులో వేసింది మ్యాగీలోంచి తగ్గుతుంది, దానికి జీతం ఉండనక్కర్లేదు. 2026కి ఫ్యామిలీ పరిమితి 8,750, యాభై ఐదు దాటినవాళ్ళు ఎవరి ఖాతాలో వాళ్ళు ఇంకో వెయ్యి. ఇద్దరూ దాటితే మొత్తం 10,750. మంచి సంగతేమిటంటే ఆ ఏడాదికి వేయాల్సింది వచ్చే ఏప్రిల్ 15 దాకా వేయొచ్చు. డిసెంబర్ చివర్లో మ్యూచువల్ ఫండ్ అనుకోకుండా లాభాలు పంచిందని ఫిబ్రవరిలో వచ్చిన 1099 ఫారం చూసి తెలుసుకున్న మనిషికి అప్పటికి మిగిలే దారుల్లో పనికొచ్చేది ఇదే. ఒక మెలిక: హెచ్‌ఎస్‌ఏ డబ్బుతో కోబ్రా ప్రీమియం కట్టొచ్చు, మార్కెట్‌ప్లేస్ ప్రీమియం కట్టకూడదు. బ్రాంజ్ ప్లాన్ చౌక అని తీసుకుంటే చెడ్డ ఏడాదిలో మన జేబునుంచి పోయేది ఒక్కరికి 10,600, కుటుంబానికి 21,200 దాకా ఉండొచ్చని కూడా గుర్తుంచుకోవాలి. చాలా ప్లాన్లు హెచ్‌ఎంఓలు, అంటే తమ జాబితాలో ఉన్న డాక్టర్లకే డబ్బు కట్టేవి. వేరే రాష్ట్రంలో ఉన్న కూతురి దగ్గర మూడు నెలలుంటే అక్కడ ఎమర్జెన్సీకి తప్ప పనికిరావు.

ఆదాయం తగ్గించడం మంచిదన్నాం కదా అని మరీ తగ్గించకూడదు. పేదరిక రేఖకి 138 శాతం లోపు చూపిస్తే చాలా రాష్ట్రాల్లో మిమ్మల్ని మెడికెయిడ్‌కి, అంటే తక్కువ ఆదాయంవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్‌కి, పంపేస్తారు. దానికి 2027 నుంచి నెలకు 80 గంటల పనో సేవో చదువో చూపించాలన్న షరతు వస్తోంది. రిటైరైనవాళ్ళకి అదే కదా కష్టం. ఆ షరతు తీర్చలేదని మెడికెయిడ్ పోతే మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ కూడా ఇవ్వరు. టెక్సాస్, ఫ్లోరిడా లాంటి చోట్ల ఇంకో గుంట: అక్కడ మెడికెయిడ్ విస్తరించలేదు. ఇద్దరి ఆదాయం 21,150 కన్నా తక్కువైతే అటు మెడికెయిడూ లేదు, ఇటు సబ్సిడీ లేదు. డాలస్‌లో ఉంటూ బ్యాంకు సేవింగ్స్ మీదే బతుకుతున్న జంట కావాలని కొంత 401కెని రాత్‌కి మార్చి ఆదాయం పెంచుకోవాల్సి వస్తుంది.

భార్యాభర్తల్లో ఒకరు ఇంకా పనిచేస్తుంటే ఈ గొడవ చాలావరకు లేదు, వాళ్ళ ప్లాన్‌లో చేరిపోవడమే. వారానికి ఇరవై గంటలు చేసినా ఇన్సూరెన్స్ ఇచ్చే స్టార్‌బక్స్ లాంటి కంపెనీలున్నాయి, అలా చేసేవాళ్ళూ ఉన్నారు. సభ్యులే డబ్బు వేసుకుని ఒకరి వైద్య బిల్లులు ఒకరు పంచుకునే హెల్త్ షేరింగ్ గ్రూపుల జోలికి మాత్రం వెళ్ళకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అవి ఇన్సూరెన్స్ కావు, బిల్లు కట్టితీరాలన్న చట్టబద్ధమైన బాధ్యత వాటికి లేదు.

కొన్నేళ్ళు ఇండియాలో ఉందామనుకునేవాళ్ళకి లెక్క మారుతుంది. మార్కెట్‌ప్లేస్ ప్లాన్ అమెరికాలో నివసించేవాళ్ళకే. తిరిగొచ్చాక 60 రోజుల్లో మళ్ళీ చేరొచ్చు. అక్కడ తీసుకునే పాలసీకి ముందునుంచీ ఉన్న జబ్బుల మీద వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. 2024లో అక్కడి ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దాని గరిష్ఠాన్ని మూడేళ్ళకి తగ్గించింది. ఆ గడియారం పాలసీ మొదలైన రోజు నుంచే తిరుగుతుంది కాబట్టి, వెళ్ళే రోజు దాకా ఆగకుండా రెండు మూడేళ్ళు ముందే తీసుకుంటే చేరేసరికి అది చాలావరకు గడిచిపోతుంది.

ఇక 65. పదేళ్ళు, అంటే 40 క్వార్టర్లు, సోషల్ సెక్యూరిటీ ట్యాక్స్ కట్టినవాళ్ళకి ఆసుపత్రి ఖర్చులు చూసే మెడికేర్ పార్ట్ ఏ ఉచితం. ఉద్యోగం చేయని భార్యకి కూడా తనకి 65 వచ్చేసరికి భర్త లెక్క మీద వస్తుంది, భర్తకి కనీసం 62 నిండి ఉంటే చాలు. డాక్టర్ల ఖర్చులు చూసే పార్ట్ బీకి 2026లో నెలకు 202.90 డాలర్లు. అరవై ఐదు దాటి కోబ్రాలో ఉన్నవాళ్ళు "నాకు ఇన్సూరెన్స్ ఉందిగా" అని పార్ట్ బీ వాయిదా వేస్తుంటారు. కోబ్రాని ఉద్యోగపు ఇన్సూరెన్స్‌గా మెడికేర్ గుర్తించదు. ఆలస్యమైన ప్రతి పన్నెండు నెలలకీ పది శాతం చొప్పున పెనాల్టీ జీవితాంతం కడుతూనే ఉండాలి. పార్ట్ బీ ధర కూడా ఆదాయాన్నిబట్టే పెరుగుతుంది. 2026లో జంటకైతే 218,000 దాటాక. అదీ రెండేళ్ళ కిందటి రిటర్న్ చూసి వేస్తారు. అరవై మూడో ఏట అమ్మిన ప్లాట్ అరవై ఐదో ఏట మెడికేర్ బిల్లులో కనిపిస్తుంది.

భర్తకి 65, భార్యకి 60 అయితే ఆయన మెడికేర్‌కి వెళ్ళిపోతాడు, ఆవిడ ఇంకో ఐదేళ్ళు మార్కెట్‌ప్లేస్‌లోనే. ప్రీమియం ఒక్కరిదే, ఆదాయం లెక్క మాత్రం ఇద్దరిదీ. ఆయన సోషల్ సెక్యూరిటీ పెన్షన్ మొదలుపెడితే అందులో ట్యాక్స్ పడని భాగం కూడా ఆవిడ సబ్సిడీ లెక్కలోకి వస్తుంది. ఆవిడకి 65 వచ్చేదాకా ఆయన పెన్షన్ ఆపుకుంటే మేలా, తీసుకుంటే మేలా అన్నది ఆ ఇంట్లో ఏటా నవంబర్‌లో కూర్చుని వేసుకోవాల్సిన లెక్క.